51 శాతం నీ పేరు మీదే, సంతకం పెడితే చాలు అంటున్నారు

ప్రశ్న:

మేడమ్ గారికి నమస్కారం. మాది హిందూపురం దగ్గర పల్లె. మాదిగ కులస్తులం. ఐటీఐలో ఫిట్టర్ పూర్తిచేసి బెంగళూరు వచ్చాను. పీణ్యా పారిశ్రామిక వాడలో ఒక సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే మెషిన్ల) వర్క్‌షాపులో హెల్పర్‌గా చేరి, ఇప్పుడు అక్కడే సూపర్‌వైజర్‌గా ఉన్నాను. జీతం 38 వేలు. ఇద్దరు పిల్లలు. మా ఓనర్ గారిది కూడా మా వైపే. నన్ను ఎప్పుడూ తక్కువగా చూడలేదు.

పోయిన నెల ఆయన నన్ను ఆఫీసు గదిలోకి పిలిచి ఒక మాట చెప్పారు. కేంద్ర ప్రభుత్వ కంపెనీలు ఎస్సీ, ఎస్టీల దగ్గర కొంత సరుకు కొనాలని రూలు ఉందట. నా పేరు మీద 51 శాతం, ఆయన బావమరిది పేరు మీద 49 శాతం పెట్టి కొత్త పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ తెరుద్దామన్నారు. పెట్టుబడి, మెషిన్లు, ఆర్డర్లు అన్నీ ఆయనే చూసుకుంటారట. నేను సంతకాలు పెడితే చాలట. నెలకు 15 వేలు అదనంగా ఇస్తానన్నారు.

పెద్దోడి స్కూల్ ఫీజు టెన్షన్ తీరుతుంది, ఒప్పుకోమని మా ఆవిడ అంటోంది. మా మామయ్య మాత్రం పేరు అమ్ముకోవద్దంటున్నారు. విషయం షాపులో ఒకరిద్దరికి తెలిసి ‘కోటా కంపెనీ ఓనర్ వచ్చాడు’ అని నవ్వుతున్నారు. నా ఎస్సీ సర్టిఫికెట్ ఆంధ్రాది. ఇక్కడ చెల్లుతుందా? కర్ణాటక సర్టిఫికెట్ చేయిస్తానని ఒకాయన 25 వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా? అసలు నేనే సొంతంగా ఏదైనా పెట్టుకోగలనా?
– పేరు వేయవద్దు, బెంగళూరు

సమాధానం:

తమ్ముడూ, ముందు ఆ 25 వేల మనిషి సంగతి తేల్చేద్దాం. ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. మీకు కర్ణాటక ఎస్సీ సర్టిఫికెట్ చట్ట ప్రకారం రాదు. ఆయన తెచ్చిచ్చేది తప్పుడు కాగితమే అవుతుంది. రేపు అది బయటపడితే ఆయన ఫోన్ స్విచ్ఛాఫ్ వస్తుంది, కేసు మీ మీద ఉంటుంది.

ఎందుకు రాదో కాస్త వివరంగా చెప్తాను. బెంగళూరులో, చెన్నైలో స్థిరపడిన మనవాళ్లు చాలామంది ఇక్కడే బోల్తా పడుతున్నారు. మాదిగ కులం ఆంధ్రా జాబితాలోనూ ఉంది, కర్ణాటక జాబితాలోనూ ఉంది. ఊరు మారితే కులం మారుతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. మారదు. అయినా ఎస్సీ జాబితా రాష్ట్రానికొకటి, సొంత రాష్ట్రంలో వచ్చిన హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో ఆ రాష్ట్ర రాయితీలకు పనికిరాదని 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. ఆ కేసు వేసింది కూడా ఒక తెలుగు కుర్రాడే, మర్రి చంద్రశేఖరరావు. ఆంధ్రాలో ఎస్టీ. తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి వెళ్లి, అక్కడి మెడికల్ కాలేజీలో ఆ కోటా కింద సీటు అడిగాడు. కోర్టు ఒప్పుకోలేదు. 2018లో మరో రాజ్యాంగ ధర్మాసనం అదే తీర్పును ఖాయం చేసింది. ఇది న్యాయమేనా అంటే నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు. అద్దె ఇంటికి వెళ్లినప్పుడు మన కులం ఇక్కడా కులమే. రాయితీ అడిగినప్పుడు మాత్రం ‘నీది ఈ రాష్ట్రం కాదు’ అంటారు. కానీ ఉన్న చట్టం ఇదీ.

1950 ఆగస్టులో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చేనాటికే ఇక్కడ స్థిరపడిన కుటుంబాల సంగతి వేరు. బెంగళూరు పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే పాత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కదా, అలాంటి వాళ్లు ఇక్కడి సర్టిఫికెట్‌కే అర్హులు. మీరు ఐటీఐ తర్వాత వచ్చారు కాబట్టి ఆ దారి మీకు లేదు. అంటే కర్ణాటక ప్రభుత్వ పనుల్లో ఎస్సీలకు ఉన్న 17.15 శాతం, ఎస్టీలకు ఉన్న 6.95 శాతం రిజర్వేషన్, ఇక్కడి రాష్ట్ర ఆర్థిక సంస్థ ఇచ్చే తక్కువ వడ్డీ అప్పు, పారిశ్రామిక వాడల్లో ప్లాట్ల రాయితీ, వీటి మీద ఆశ వదిలేయండి.

మరి ఓనర్ చెప్పిన రూలు? అది కేంద్రానిది. మీ ఆంధ్రా సర్టిఫికెట్ అక్కడ నిక్షేపంగా చెల్లుతుంది. ఒకసారి హిందూపురం వెళ్లినప్పుడు కేంద్ర ప్రభుత్వ నమూనాలో తాజా సర్టిఫికెట్ తీసుకోండి. మీ పాత కాగితం మీద అనంతపురం జిల్లా అని ఉంటుంది, ఇప్పుడు మీది శ్రీ సత్యసాయి జిల్లా. కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు ఇలాంటి చిన్న తేడాలే పెద్ద అభ్యంతరాలు.

వర్గీకరణ తర్వాత ఇందులో మాదిగలకు వేరే వాటా వచ్చిందా అని కూడా మీకు అనుమానం రావచ్చు. రాలేదు. 2024 ఆగస్టు సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆంధ్రాలో జరిగిన వర్గీకరణ చదువులకు, ఉద్యోగాలకు సంబంధించింది. కేంద్రం కొనుగోళ్ల రూలులో ఎస్సీ, ఎస్టీలందరికీ కలిపి ఒకటే వాటా.

ఇక ఆ రూలు సంగతి. ఓనర్ మీకు సగమే చెప్పారు. 2012 నుంచి అమల్లో ఉన్న విధానం ప్రకారం కేంద్ర శాఖలు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా కొనే సరుకులో, సేవల్లో కనీసం 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలి. మొదట్లో అది 20 శాతమే ఉండేది. ఆ 25 శాతంలోనే, మొత్తం కొనుగోలులో 4 శాతం ఎస్సీ, ఎస్టీ యజమానుల పరిశ్రమల నుంచి, 3 శాతం మహిళల పరిశ్రమల నుంచి రావాలి. మీ బెంగళూరులోనే ఎన్ని కేంద్ర సంస్థలున్నాయో చూడండి, హెచ్‌ఏఎల్, బీఈఎల్, బీఈఎంఎల్, యలహంకలో రైల్వే చక్రాల ఫ్యాక్టరీ. మీ చేతిలో ఉన్న పనికి ఇంతకంటే పెద్ద గిరాకీ దేశంలో చాలా తక్కువ చోట్ల దొరుకుతుంది.

కానీ ఆ 4 శాతం నిండటం లేదు. జరుగుతున్న కొనుగోలు దానికి చాలా కిందే ఉంటోంది. ఎస్సీ, ఎస్టీ సప్లయర్లు టెండర్‌కు రాకపోతే, లేదా వచ్చినా షరతులకు, ధరకు తూగకపోతే, ఆ వాటాను మిగతా చిన్న పరిశ్రమలతో నింపుకోవచ్చని అదే విధానంలో రాసి ఉంది. తలుపు తీసి పెట్టారు, లోపలికి రావడానికి కావలసిన మెషిన్, రొక్కం, పాత ఆర్డర్ల చరిత్ర మాత్రం ఎవరి పాట్లు వాళ్లు పడాలి. ఆఫీసర్‌కు పోర్టల్లో చూపించడానికి ఒక ఎస్సీ పేరు కావాలి. మెషిన్లున్న ఓనర్‌కు ఆర్డర్ కావాలి. నిజంగా పని తెలిసిన మీలాంటివాడి దగ్గర మూడు నెలలు బిల్లు రాకపోయినా తట్టుకునే డబ్బు ఉండదు. ఈ మూడు అవసరాలూ కలిసినచోట పుట్టేదే మీకు వచ్చిన ఆఫర్. మీ ఓనర్ దుర్మార్గుడని నేను అనను. పాలసీలో ఉన్న ఖాళీ ఆయన కంటపడింది, అంతే.

ఇది మన దగ్గరే జరిగేది కూడా కాదు. దక్షిణాఫ్రికాలో నల్లజాతివారి ఆర్థిక భాగస్వామ్యం కోసం 2003లో చట్టం చేస్తే, తోటమాలినో డ్రైవర్‌నో కాగితం మీద వాటాదారుగా చూపించి కాంట్రాక్టులు కొట్టేసే కంపెనీలు తయారయ్యాయి. చివరికి 2013లో చట్టం సవరించి, అలా చేసినవాళ్లకు పదేళ్ల దాకా జైలు, కంపెనీకైతే ఏడాది టర్నోవర్‌లో 10 శాతం దాకా జరిమానా అని రాసుకోవాల్సి వచ్చింది.

ఇప్పుడు ఆ సంతకం అంటే ఏమిటో చూద్దాం. మీ ఆవిడతో కూడా ఈ భాగం చదివించండి.

పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్‌లో భాగస్వామి అంటే ఫర్మ్ అప్పులన్నిటికీ పూచీదారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం ఆ పూచీ వాటా మేరకు కాదు, మొత్తానికీ. బ్యాంకు 80 లక్షలు ఇచ్చి, రేపు ఆర్డర్ రద్దయితే, 49 శాతం బావమరిది చేతులెత్తేస్తే, బ్యాంకు మీ జీతం మీదికి, పల్లెలో మీ నాన్న మిగిల్చిన పొలం చెక్క మీదికి కూడా రావచ్చు. జీఎస్టీ కట్టకపోతే నోటీసు మీ పేరు మీదే వస్తుంది. సరుకు నాసిగా వెళ్తే బ్లాక్‌లిస్టులో పడేది మీ ఫర్మ్. తర్వాత మీరు నిజంగా సొంతంగా పెట్టుకుందామన్న రోజున మీ సిబిల్ స్కోరు, మీ పేరు రెండూ పాడై ఉంటాయి. పైగా వేరేవాళ్ల డబ్బుతో, వేరేవాళ్ల లాభం కోసం మీ పేరు మీద వాటా పెట్టుకోవడం బినామీ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. ఆ చట్టంలో శిక్ష అసలు యజమానికే కాదు, పేరిచ్చినవాడికీ ఉంది. ఏడాది నుంచి ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా. నెలకు 15 వేలకు ఇదంతా నెత్తిన పెట్టుకుంటారా?

ఇంకోటి, మీ ఓనర్‌కు కూడా తట్టి ఉండదు. ఈ కొనుగోళ్ల విధానం తయారీదారులకు, సేవలు అందించేవాళ్లకే వర్తిస్తుంది, వ్యాపారులకు వర్తించదు. మెషిన్లు పాత కంపెనీలోనే ఉంచి, కొత్త ఫర్మ్ పేరుతో బిల్లు మాత్రం కొడితే అది ట్రేడింగే. తనిఖీకి వచ్చి ‘మీ షాప్‌ఫ్లోర్ చూపించండి’ అంటే ఏం చూపిస్తారు?

అయితే ఇక్కడితో ‘వద్దు’ అని చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. 49 శాతం వేరే కులం భాగస్వామి ఉండటం తప్పేమీ కాదు, రూలే దానికి చోటిచ్చింది. డబ్బున్నవాడు, పని తెలిసినవాడు కలవడం వ్యాపారంలో మామూలే. తేడా అంతా 51 శాతం నిజమా, ఉత్తదా అన్నదాంట్లోనే. కాబట్టి ఓనర్ గారితో మర్యాదగా కూర్చుని ఇలా మాట్లాడండి: ‘సార్, మీరు నా మీద నమ్మకం పెట్టుకున్నందుకు సంతోషం. 51 శాతం అంటే లాభంలో కూడా 51 శాతం అని డీడ్‌లో (భాగస్వామ్య పత్రంలో) రాద్దాం. మీరు పెట్టే డబ్బు ఫర్మ్‌కు ఇచ్చిన అప్పుగా, వడ్డీతో సహా కాగితం మీద పెడదాం, లాభంలోంచి తీరుస్తాను. చెక్కు మీద నా సంతకం ఉండాలి, బ్యాంకు లాగిన్, ఓటీపీ వచ్చే సిమ్ నా దగ్గరే ఉండాలి. మెషిన్లు ఫర్మ్ కొనాలి, లేదా లీజు రాయాలి. లెక్కలు మనిద్దరం ఒప్పుకున్న ఆడిటర్ చూస్తారు. కొన్నేళ్లకు మీ వాటా కొనుక్కునే హక్కు నాకు ఉండాలి.’

ఆయన ఆలోచించి, బేరమాడి, సరే అంటే మీకు నిజమైన భాగస్వామి దొరికినట్టు. అప్పుడు కూడా డీడ్ మీద సంతకం పెట్టేముందు మీ సొంత లాయర్‌కు చూపించండి, ఆయన లాయర్‌కు కాదు. ‘నీకెందుకయ్యా ఇవన్నీ’ అని నవ్వేస్తే మీకు జవాబు దొరికినట్టే. ఓటీపీ సిమ్ గురించి చెప్పినప్పుడు ఆయన ముఖం ఎలా మారుతుందో గమనించండి, డీడ్ కంటే అదే ఎక్కువ చెప్తుంది.

ఇక సొంతంగా పెట్టుకోగలరా అన్నారు. పెట్టుకోగలరనే అనుకుంటున్నాను, కానీ మీరు ఊహించినంత పెద్దగా కాదు, ఊహించినచోట కూడా కాకపోవచ్చు.

హిందూపురం గురించి ఎందుకు ఆలోచించలేదు? బెంగళూరు నుంచి దాదాపు వంద కిలోమీటర్లు. రైలుంది, రోడ్డుంది, తూముకుంట వైపు పారిశ్రామిక వాడ ఉంది. అక్కడ పెడితే మీ సర్టిఫికెట్ రాష్ట్రం రాయితీలకూ చెల్లుతుంది, కేంద్రం రాయితీలకూ చెల్లుతుంది. కేంద్ర సంస్థల 4 శాతానికి యూనిట్ కర్ణాటకలోనే ఉండాలన్న నిబంధన లేదు. హిందూపురంలో తయారుచేసి జాలహళ్లిలోని బీఈఎల్‌కు సప్లయి చేయొచ్చు. ఆంధ్రా ప్రభుత్వం ఎస్సీ పారిశ్రామికవేత్తలకు ఇచ్చే పెట్టుబడి రాయితీ శాతాలు పాలసీ మారినప్పుడల్లా మారుతుంటాయి కాబట్టి ఇక్కడ అంకెలు రాయను, జిల్లా పరిశ్రమల కేంద్రంలో ఇప్పటి జీవో అడగండి. మీ బెంగళూరు అద్దె, పిల్లల స్కూలు, మీ ఆవిడ ఇష్టం, ఇవన్నీ ఒక పక్క ఉంటాయని నాకు తెలుసు. అయినా లెక్క వేసి చూడటంలో తప్పులేదు.

పెట్టుబడికి ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం, పీఎంఈజీపీ అంటారు, మీలాంటి మొదటి యూనిట్‌కు సరిపోతుంది. తయారీ యూనిట్ అయితే 50 లక్షల ప్రాజెక్టు దాకా. ఎస్సీలకు సొంత డబ్బు 5 శాతం చాలు. రాయితీ పట్టణంలో 25 శాతం, పల్లెలో 35 శాతం. అంటే 25 లక్షల ప్రాజెక్టుకు మీరు తేవాల్సింది 1 లక్షా 25 వేలు. రాయితీ పీణ్యాలో అయితే 6 లక్షలా 25 వేలు, మీ పల్లెలో అయితే 8 లక్షలా 75 వేలు. ఆ రాయితీ మీ చేతికి రాదు, మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి తర్వాత అప్పులో సర్దుబాటు అవుతుంది. యూనిట్ కొత్తదై ఉండాలి. దరఖాస్తులు ప్రస్తుతం తీసుకుంటున్నారో లేదో ముందు చూసుకోండి. ఎవరైనా స్టాండప్ ఇండియా అప్పు పథకం పేరు చెప్తే, అది 2025 మార్చితో ముగిసింది. మొదటిసారి వ్యాపారం పెట్టే మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు 2 కోట్ల దాకా అప్పు ఇచ్చే పథకాన్ని అదే ఏడాది బడ్జెట్లో ప్రకటించారు. బ్యాంకులో దాని మార్గదర్శకాల గురించి అడగండి. బ్యాంకు మేనేజర్ ‘ఇల్లు తాకట్టు పెట్టు’ అంటే సీజీటీఎంఎస్ఈ (తాకట్టు లేని చిన్న పరిశ్రమల అప్పులకు పూచీ ఇచ్చే ట్రస్టు) గ్యారంటీ కింద ఇవ్వమని పేరు పెట్టి అడగండి. పేరు తెలిసినవాడితో వాళ్లు మాట్లాడే తీరే వేరుగా ఉంటుంది.

మెషిన్ కొనడానికి ఎన్‌ఎస్‌ఐసీ (జాతీయ చిన్న పరిశ్రమల సంస్థ) నడిపే జాతీయ ఎస్సీ ఎస్టీ హబ్ ద్వారా 25 శాతం, గరిష్ఠంగా 25 లక్షల సబ్సిడీ ఉంది. ఒకే మెషిన్‌కు రెండు పథకాల సబ్సిడీ కలిపి తీసుకోవచ్చో లేదో ముందే తేల్చుకోండి, చాలాచోట్ల కుదరదు. ఎన్‌ఎస్‌ఐసీ బెంగళూరు శాఖకు ఒక పూట సెలవు పెట్టి వెళ్లండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు, పూర్తిగా ఉచితం, దానికి కూడా ఎవరో రెండు వేలు అడుగుతారు, ఇవ్వకండి. ఆ ఉద్యమ్‌తో టెండర్ ఫారం ఖర్చు ఉండదు, ఈఎండీ (టెండర్‌తో పాటు కట్టే ధరావతు) కట్టక్కర్లేదు.

అప్పు గురించి ఇంత చెప్పాను గానీ, నిజానికి మిమ్మల్ని ముంచేదీ తేల్చేదీ అప్పు కాదు, బిల్లు. మొదటి ఏడాది పెద్ద టెండర్ల జోలికి వెళ్లకండి. సొంత పేరుతో ఒక్క మెషిన్‌తో మొదలుపెట్టి, పీణ్యాలో మీకు తెలిసిన షాపుల దగ్గర, కుదిరితే మీ ఓనర్ దగ్గరే, జాబ్ వర్క్ తీసుకోండి. ఆయనకు మీ చేతి పని మీద నమ్మకం ఉందిగా. రెండు మూడు ఏళ్ల బ్యాలెన్స్ షీట్లు, ఒక క్వాలిటీ సర్టిఫికెట్ చేతిలో ఉంటే ప్రభుత్వ సంస్థలో వెండర్ రిజిస్ట్రేషన్ అడగడానికి గొంతు వస్తుంది. సరుకు తీసుకున్నవాళ్లు 45 రోజులు దాటి డబ్బు ఆపితే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ అడగొచ్చు, ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు. కాకపోతే సరుకు ఇచ్చేనాటికే ఉద్యమ్ నంబరు ఉండాలి. ఒక్క కస్టమరే ఉన్నప్పుడు ఎవరూ ఆ ఫిర్యాదు పెట్టరు, అది నాకూ తెలుసు. అందుకే కనీసం ముగ్గురు కస్టమర్లు కుదిరే దాకా ఉద్యోగం వదలకండి. ఈలోగా ఎవరి దగ్గర ఏ పార్ట్ ఎంత రేటుకు వెళ్తోందో గమనించి పెట్టుకోండి.

‘కోటా కంపెనీ’ అని నవ్వేవాళ్ల గురించి ఒక్కమాట. ఈ 4 శాతం కింద కొనేటప్పుడు ప్రభుత్వం ఒక్క పైసా ఎక్కువ ఇవ్వదు. చిన్న పరిశ్రమ వేసిన రేటు కనిష్ఠ ధరకు 15 శాతం లోపల ఉంటే, అదే కనిష్ఠ ధరకు దిగివచ్చి ఆర్డర్‌లో కొంత భాగం సప్లయి చేసే అవకాశం ఇస్తారు, అంతే. ఇన్‌స్పెక్షన్ ఒకటే, మైక్రోమీటర్ ఒకటే. ఇంకా నవ్వితే, పీణ్యాలో మొదటి ప్లాట్లు కొన్నవాళ్లకు మొదటి ఆర్డర్ ఎవరి ద్వారా వచ్చిందో, బ్యాంకులో గ్యారంటీ సంతకం ఏ బంధువు పెట్టాడో అడగండి. మీకు అలాంటి బంధువు లేడు కాబట్టే ఈ పాలసీ ఉంది.

మీ ఆవిడ అన్నదాంట్లో తప్పులేదు. ఫీజు కట్టాల్సింది ఈ జూన్‌లో, మీ యూనిట్ లాభం వచ్చేది ఎప్పుడో. ఓనర్ దగ్గర ఆ 15 వేలు జీతం పెంపుగా అడిగి చూడండి. మీ సంతకానికి నెలకు అంత విలువ కట్టినాయన, షాపంతా నడిపిస్తున్న మీ పనికి అందులో సగమైనా కట్టలేరా? ఇస్తే మంచిదే. ఇవ్వకపోయినా, ఫర్మ్ గురించి పైన చెప్పిన షరతులన్నీ ఒక కాగితం మీద రాసి ఆయన చేతికివ్వండి, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. ఆయన జవాబు చెప్పేదాకా ఖాళీ స్టాంపు పేపర్ మీద గానీ, బ్యాంకు అకౌంట్ ఫారం మీద గానీ సంతకం పెట్టకండి. ఆధార్, పాన్ జిరాక్స్‌లు ఇప్పటికే ఇచ్చి ఉంటే, మీ పాన్ మీద జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఏదైనా ఉందేమో జీఎస్టీ పోర్టల్లో పాన్ నంబరు కొట్టి ఈ రాత్రే చూసుకోండి.